ఆరు నెలలు ఉండి వచ్చిన అమ్మానాన్నలు వెంటనే మళ్లీ అమెరికా వెళ్లాలంటే

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘ఆరు నెలలు అక్కడ ఉంటే, ఆరు నెలలు ఇక్కడ ఉన్నాకే మళ్లీ వెళ్లనిస్తారట.’ నిజానికి చట్టంలో అలాంటి లెక్కేమీ లేదు. ఇది తెలియని పెద్దవాళ్ల దగ్గర ‘గ్యాప్ తక్కువైనా లెటర్లు తయారుచేసి పంపిస్తాం’ అని డబ్బు గుంజే ఏజెంట్లు ఉన్నారు. ఆ లెటర్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. గ్యాప్ చాలా, చాలదా అని తేల్చేది అక్కడి ఎయిర్‌పోర్టులో ఉండే ఇమిగ్రేషన్ ఆఫీసరే. ఆయన ముందు మీ పాత రాకపోకల రికార్డు మొత్తం ఉంటుంది.

బీ1/బీ2 వీసాకు, అంటే విజిటర్ వీసాకు, ఇంకా గడువు ఉంటే కొత్తగా దరఖాస్తు పెట్టాల్సిన పని లేదు. వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే రెండు పాస్‌పోర్టులూ తీసుకెళ్లాలి. రిటర్న్ టికెట్ దగ్గర ఉంచుకోవాలి. వీసా గడువు ముగిసిపోతే మళ్లీ డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం నింపాలి. అందులో గతంలో ఎప్పుడు వెళ్లారు, ఎన్ని రోజులు ఉన్నారు అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎక్కువ రోజులు ఉన్నామని భయపడి తగ్గించి రాస్తే, ఆ అబద్ధమే అసలు సమస్య అవుతుంది.

ఎక్కువమంది చిక్కుకునేది ఐ-94 దగ్గర, అంటే అమెరికాలోకి అడుగుపెట్టినప్పుడు నమోదయ్యే ప్రవేశ రికార్డు దగ్గర. పాస్‌పోర్టులో వీసా పదేళ్లకు ఉన్నా, ఒక్కో ప్రయాణంలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94లోని తేదీ మాత్రమే. విమానంలో వెళ్లినవాళ్లకు అది కాగితంగా చేతికి రాదు, అమెరికా సరిహద్దు తనిఖీల సంస్థ అయిన కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైట్లో ఉచితంగా చూసుకోవాలి. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. కానీ పాస్‌పోర్టు అంతకంటే ముందే ముగిసిపోతుంటే ఆ తేదీ వరకే ఇవ్వవచ్చు. అది గమనించకుండా ఎలాగూ ఆరు నెలలే కదా అనుకుని ఉండిపోయినవాళ్లు, తెలియకుండానే గడువు దాటినవాళ్లవుతారు. ఒక్క రోజు దాటినా ఆ వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులకు మించి దాటి బయటికి వస్తే 3 ఏళ్లు, ఏడాది లేదా అంతకు మించితే 10 ఏళ్లు మళ్లీ ప్రవేశం ఉండదు. అందుకే మళ్లీ టికెట్ కొనేముందు అదే వెబ్‌సైట్లో పోయినసారి వివరాలు తీసి, ఐ-94 గడువులోపే బయటికి వచ్చారా లేదా సరిచూసుకోండి. తిరిగొచ్చిన తేదీ అందులో కనిపించకపోతే కంగారు పడకండి. అప్పటి బోర్డింగ్ పాస్, ఇండియాలో దిగినప్పుడు వేసిన స్టాంపు ఉంటే వెంట తీసుకెళ్లండి.

పోయినసారి ఐ-539 పెట్టి గడువు పొడిగించుకున్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ దరఖాస్తు ఐ-94 గడువు ముగియకముందే చేరి ఉండాలి. ఆమోదం వచ్చి ఉంటే ఆ లెటర్, నిర్ణయం రాకముందే తిరిగొచ్చేసి ఉంటే దరఖాస్తు అందినట్టు ఇచ్చిన రసీదు హ్యాండ్ బ్యాగులో పెట్టుకోండి. చెక్-ఇన్ సూట్‌కేసులో వద్దు, ఎందుకంటే సామాను చేతికి వచ్చేలోపే ప్రశ్నలు మొదలవుతాయి. అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లలో చాలామందికి ఈ తనిఖీ అక్కడే, అమెరికా విమానం ఎక్కకముందే అయిపోతుంది.

‘మొన్ననే వెళ్లారుగా, మళ్లీ ఎందుకు?’ అని తప్పకుండా అడుగుతారు. కూతురి డెలివరీ, మనవడి బారసాల, కొడుకు గృహప్రవేశం, ఏదైనా సరే ఉన్న కారణం చెప్పండి. ఎన్నాళ్లు ఉంటారో, ఎప్పుడు తిరిగొస్తారో మీ నోటితో మీరే చెప్పగలగాలి. పిల్లలు బట్టీ పట్టించిన జవాబు రెండో ప్రశ్నకే తేలిపోతుంది. ఇంగ్లీషు రాకపోతే టెన్షన్ పడకండి, తెలుగులో మాట్లాడతానని, అనువాదకుడు కావాలని అడగండి. అర్థం కాని ప్రశ్నకు ‘ఎస్’ అనడం కంటే అది ఎంతో మేలు. ఇక్కడి ఇల్లు, పొలం, పెన్షన్ కాగితాల జిరాక్సులు ఉంటే మంచిదే, అడిగితేనే చూపించండి.

పిల్లలకు ఒక మాట. అమ్మ ఆరు నెలలు, అత్తయ్య ఆరు నెలలు అని వంతులు వేసుకుని, ఏడాదంతా పసిబిడ్డను చూసుకోవడానికే వాళ్లను తిప్పడం విజిటర్ వీసా ఉద్దేశం కాదు. ఇక్కడ నెలైనా ఉండకుండా తిరిగి వెళ్తే, ఆఫీసరుకు వచ్చే అనుమానాలకు జవాబు చెప్పుకోవాల్సింది అరవై దాటిన మనిషి, అదీ ఒంటరిగా, నిద్రలేని ప్రయాణం తర్వాత. చట్టం అడగకపోయినా, అక్కడ ఉన్నంత కాలం ఇక్కడా ఉండి వెళ్లడం నా దృష్టిలో క్షేమం. తొందర లేకపోతే ఆగండి.

లోపలికి అనుమతి దొరికాక, రెండు మూడు రోజుల్లోనే కొత్త ఐ-94 తీసి తేదీ చూసుకోండి. ఈసారి ఆరు నెలలకు బదులు తక్కువ రోజులే ఇచ్చి ఉండవచ్చు. పేరులోనో తేదీలోనో ఆఫీసు పొరపాటు ఉంటే ఇలాంటి తప్పులు సరిచేసే దగ్గర్లోని డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసును సంప్రదించి సరిచేయించుకోవచ్చు, దానికి ఏజెంటు అక్కర్లేదు.