తేలియాడే అరలను గోడకు గట్టిగా బిగించే విధానం

కింద బ్రాకెట్టు గాని, పక్కన పలక గాని కనిపించకుండా గోడలోంచే మొలిచినట్టు ఉండే అరలను ఫ్లోటింగ్ షెల్ఫులు అంటున్నారు. చూపుకు ఎంత తేలికగా ఉన్నా, మామూలు అర కంటే ఇవే గోడను ఎక్కువగా లాగుతాయి. చాలామంది చెక్క నాణ్యత మీద పెట్టినంత శ్రద్ధ గోడలోని రంధ్రం మీద పెట్టరు. అర ఊడిపోవడమంటూ జరిగితే ముందుగా జారేది ఆ రంధ్రంలోని పై స్క్రూయే.

గోడ నుంచి 21 సెం.మీ. ముందుకు వచ్చిన అర చివరి అంచు మీద 10 కిలోల బరువు పెట్టారనుకుందాం. గోడకు బిగించిన పట్టె కింది అంచు ఇరుసులా నిలిచి, పై భాగం గోడను విడిచి బయటికి రావాలని చూస్తుంది. స్క్రూలు ఆ కింది అంచుకు 3.5 సెం.మీ. పైన ఉంటే వాటి మీద పడే లాగుడు ఆరు రెట్లు, అంటే 60 కిలోలు. పలుచగా కనిపించాలని అరను సన్నగా చేసి, స్క్రూలను 1.5 సెం.మీ. ఎత్తులోనే వేస్తే అదే బరువుకు లాగుడు 140 కిలోలకు చేరుతుంది. అందుకే పుస్తకాలు పెట్టదలచినవారు కాస్త మందమైన అరనే ఎంచుకోవాలని, లోతు ఎక్కువ పెంచుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంట్లో చేసుకోవడానికి అనువైనది లోపల చట్రం, పైన ప్లైవుడ్ తొడుగు ఉన్న పద్ధతి. 50 మి.మీ. ఎత్తు, 40 మి.మీ. మందం ఉన్న గట్టి చెక్క పట్టెను గోడ వెంట పొడవుగా పెట్టి, దానికి సుమారు 30 సెం.మీ.కు ఒకటి చొప్పున ముందుకు పొడుచుకొచ్చే కర్రలను జిగురుతోనూ వెనుకనుంచి వేసిన పొడవాటి స్క్రూలతోనూ కలపాలి. పైనా కిందా 12 మి.మీ. ప్లైవుడ్‌తో, ముందు అంచుకూ పక్కలకూ పట్టీలతో, వెనుక వైపు తెరిచి ఉన్న పెట్టెలా తొడుగు తయారుచేసుకోవాలి. అది చట్రం మీదికి బిగువుగా, కానీ సుత్తితో కొట్టనవసరం లేకుండా జారాలి.

గోడ సంగతి తెలుసుకోకుండా డ్రిల్ పట్టకూడదు. స్విచ్‌బోర్డుకు నిటారుగా పైనా కిందా, అదే ఎత్తులో పక్కలకూ వైర్లు వెళ్లే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ దారులను వదిలేయాలి. కుళాయిల చుట్టుపక్కల కూడా ఇదే జాగ్రత్త అవసరం. జిప్సం బోర్డు గోడ అయితే లోపలి నిలువు కర్రలకే స్క్రూలు పట్టించాలి. అవి సాధారణంగా 40 లేదా 60 సెం.మీ. దూరంలో ఉంటాయి. ఒట్టి బోర్డుకు బిగించిన తేలియాడే అర మీద బరువు పెట్టడం నేను ఒప్పుకోను.

ఇటుక గోడ అయితే రసమట్టంతో గీత గీసి, పట్టెకు ముందుగానే 20 నుంచి 25 సెం.మీ.కు ఒకటి చొప్పున రంధ్రాలు చేసి, ఒక చివర మొదటి స్క్రూ బిగించిన తరువాత మట్టం మళ్లీ సరిచూసి మిగతా గుర్తులు పెట్టుకోవాలి. కళ్లద్దాలు పెట్టుకుని, 10 మి.మీ. ప్లగ్గుకు (స్క్రూకు పట్టు దొరకడానికి రంధ్రంలో దించే ప్లాస్టిక్ గొట్టం) 10 మి.మీ. గోడ బిట్టునే వాడాలి. డొల్ల ఇటుకలైతే డ్రిల్‌లోని హామర్ మోడ్ (దెబ్బలు కొడుతూ తొలిచే పద్ధతి) ఆపేయాలి, లేకపోతే లోపలి పలుచని గోడలు పగిలిపోతాయి.

డ్రిల్ చేస్తున్నప్పుడు రాలే పొడిని గమనించండి. మొదట బూడిదరంగు పొడి వస్తుంది, అది గిలాబా. ఎర్రపొడి మొదలైన చోటినుంచే అసలు లోతు లెక్క. ఎరుపు రాకుండా బూడిదరంగు పొడే వస్తూ బిట్టు మెత్తగా దిగిపోతుంటే రెండు ఇటుకల మధ్య సిమెంటు అతుకులో పడ్డారన్నమాట. ఒకటి రెండు అంగుళాలు పక్కకు జరగడం మంచిది. నేను మొదట బిగించిన అర నాలుగు నెలలకే ముందుకు వంగింది. విప్పి చూస్తే ప్లగ్గు సగానికి పైగా గిలాబాలోనే ఉంది.

గిలాబా 15 మి.మీ. ఉంటే, ఇటుకలో కనీసం 50 మి.మీ. పట్టు దొరికేలా 120 మి.మీ. పొడవైన స్క్రూను ఎంచుకుని, అందుకు తగ్గట్టు గోడలో 90 మి.మీ. లోతు రంధ్రం చేయాలి. బిట్టుకు ఆ కొలత దగ్గర టేపు ముక్క చుట్టుకుంటే లోతు తప్పదు. తరువాత పొడి అంతా పంపుతో ఊది శుభ్రం చేయాలి. పొడి మిగిలితే ప్లగ్గు చివరిదాకా దిగదు, దిగినా గోడను గట్టిగా పట్టుకోదు. ప్లగ్గు వేలితో తోస్తే వదులుగా జారిపోకూడదు; సుత్తితో తేలికగా తట్టగా దిగాలి.

పట్టెను బిగించాక తొడుగును జార్చి, పైనుంచి పట్టెలోకీ పొడుచుకొచ్చిన కర్రలలోకీ చిన్న స్క్రూలు వేస్తే మొత్తం ఒకే దిమ్మగా పనిచేస్తుంది. జిగురు ఆరడానికి ఒక రోజు వదిలి, ఆపైన పెట్టదలచిన బరువుకు ఒకటిన్నర రెట్లు ఒక రాత్రంతా ఉంచాలి. ఉదయం అర వెనుక పై అంచుకూ గోడకూ మధ్య ఒక కాగితం ముక్క దూర్చి చూడండి. నిన్న దూరని కాగితం ఈ రోజు దూరిందంటే, ఎక్కడో ఒక ప్లగ్గు జారింది. బరువు దించి, ఆ రంధ్రాన్ని వదిలేసి, పక్కన గట్టి ఇటుకలో కొత్తది చేయాలి.