ఏడుస్తున్న సంఘానికి ఉత్తరం రాసేటప్పుడు

ముప్పై ఏళ్లు బ్రాంచి పోస్టుమాస్టరుగా చేశాను. ముమ్మిడివరం దగ్గర, గౌతమి గట్టు కింద మా ఊరు. అక్కడి లూథరన్ గుడికి సెక్రటరీని కూడా నేనే. ఎక్కడైనా ఘోరం జరిగితే చుట్టుపక్కల క్రైస్తవ సంఘాల వాళ్లు "మాస్టారూ, సంతాపం ఏమని రాయమంటారు?" అని వస్తుంటారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను.

ఉత్తరం అందుకోవడం ఎలా ఉంటుందో ముందు నాకే తెలిసొచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు మా గుడి రేకులు లేచిపోయాయి, కొబ్బరితోటలు పడుకుండిపోయాయి. తర్వాత దూరం నుంచి ఒక సంఘం వాళ్లు నాలుగు పేజీలు రాశారు. దేవుడు ఇదెందుకు రానిచ్చాడో అందులో వివరంగా ఉంది. మా పాస్టరు అయ్యగారు దాన్ని గుడిలో చదువుతుంటే, కూతుర్ని పోగొట్టుకున్న ఒకావిడ మధ్యలో లేచి వెళ్లిపోయింది. మళ్లీ క్రిస్మస్‌కి గానీ గుడికి రాలేదు. అదే వారం ఒక ఇన్లాండు లెటరూ వచ్చింది: "మీ గుడి పైకప్పు పోయిందని విన్నాం. ఆదివారం మీ కోసం ప్రార్థన చేశాం. జవాబు రాయనక్కర్లేదు." ఆ చివరి మాట చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే జవాబులు రాయాల్సింది నేనే.

2019 ఈస్టరు, ఏప్రిల్ 21. తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి టీవీ పెడితే శ్రీలంకలో బాంబు పేలుళ్ల వార్త. కొలంబో కొచ్చికడెలో సెయింట్ ఆంథోనీ గుడి, నెగొంబో దగ్గర కటువాపిటియలో సెయింట్ సెబాస్టియన్ గుడి, బట్టికలోవాలో జియోన్ చర్చి, ఇవి కాక హోటళ్లు. జియోన్‌లో పోయినవాళ్లలో సండే స్కూలు పిల్లలు చాలామంది ఉన్నారు. మేం రాసింది ఆ సంఘానికే.

మొదటి మాట: ఆ రోజే రాయకండి, నాలుగు రోజులు ఆగండి. టెన్షన్‌లో రాసిన దాంట్లో తప్పులు దొర్లుతాయి. చనిపోయినవాళ్ల సంఖ్య అసలు వేయొద్దు. అప్పుడు 359 అని అన్ని పేపర్లలో వచ్చింది. ఏప్రిల్ 25న అక్కడి ప్రభుత్వమే దాన్ని 253 దగ్గరికి తగ్గించింది. అయినవాళ్ల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న మనిషికి మన ఉత్తరంలో తప్పు లెక్క కనబడటం దేనికి?

భాష సంగతి. బట్టికలోవా వాళ్లది తమిళం. ఇంగ్లీషులో రాసి ఊరుకోవచ్చు గానీ, దుఃఖంలో ఉన్నవాళ్లకు సొంత భాషలో నాలుగు ముక్కలు కనబడితే వేరు. మాకు యానాం పక్కనే. అది పుదుచ్చేరి పాలనలో ఉంది కదా, తమిళం వచ్చిన ఉద్యోగులు అక్కడ దొరుకుతారు. ఒక టీచరమ్మ పది నిమిషాల్లో రాసిచ్చారు. కింద మా ఇంగ్లీషు, పైన వాళ్ల తమిళం.

ఉత్తరంలో ఉన్నది ఇంతే: "గోదావరి ఒడ్డున ఒక చిన్న పల్లెలోని లూథరన్ సంఘం వాళ్లం. ఈస్టరు పొద్దున మీ గుడిలో జరిగింది విన్నాం. మా పిల్లలూ అదే సమయానికి కొత్త బట్టలతో గుడిలో ఉన్నారు. మీ పిల్లల కోసం, మీ కోసం ఈ ఆదివారం మోకరించాం. వచ్చే ఆదివారమూ మోకరిస్తాం. జవాబు రాయవద్దు." కింద అయ్యగారి సంతకం, నాది, స్త్రీల సమాజం తరఫున ఒకరిది. ప్రెసిడెంటు, వైస్ ప్రెసిడెంటు, ట్రెజరర్ అంటూ పదవులన్నీ వరస పెట్టకండి.

"ఆత్మకు శాంతి కలుగుగాక" అనే మాట దగ్గర మా కమిటీలో గంట పట్టింది. ఆర్‌సీఎం వాళ్లు, అంటే రోమన్ కాథలిక్కులు, చనిపోయినవారి కోసం ప్రార్థిస్తారు, మనం చేయం. వాళ్ల గుడికి రాసేటప్పుడు మన పట్టింపు చూపించుకోనక్కర్లేదు, మనకు లేని నమ్మకం ఉన్నట్టు రాయనూ అక్కర్లేదు. "వారి కుటుంబాలకు ఆదరణ" అంటే ఇద్దరికీ సరిపోతుంది.

వాక్యం ఒక్కటి చాలు. 34వ కీర్తన 18వ వచనం, "విరిగిన హృదయముగలవారికి యెహోవా ఆసన్నుడు" అన్నది రాయొచ్చు. మనవైపు ఏ చావు కబురు విన్నా రోమా 8:28, అదే అన్నీ మేలుకే జరుగుతాయన్న వచనం, ఎత్తుకుంటారు. దాన్ని మొదటి ఉత్తరంలో పెట్టకండి, దెబ్బ మీద చెయ్యి వేసినట్టుంటుంది. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఊరికే కూర్చున్నారు చూడండి, అంతవరకు బాగానే చేశారు. నోరు విప్పాకే చెడింది.

ఎవరు చేశారన్న ఊసు ఉత్తరంలో వద్దు. చేసింది కొందరు ఇస్లామిక్ తీవ్రవాదులైతే, ఆ మే నెలలో అక్కడ ఏ పాపం ఎరగని ముస్లింల దుకాణాల మీద, మసీదుల మీద దాడులు జరిగాయి. మనం ఇక్కడి నుంచి ఆజ్యం పోయకూడదు.

పిల్లల బొమ్మలు పంపాలనుకుంటే ఒక్కొక్కటీ చూసి పంపండి. మా వాళ్లు గీసినవాటిలో ఒకటి గుడి, దానిమీద మంటలు. పిల్లాడి తప్పేం లేదు, టీవీలో చూసిందే గీశాడు. దాన్ని పక్కన పెట్టి, కొబ్బరిచెట్లూ పడవలూ ఉన్నవి పంపాం.

ఇక ఊళ్లో సంతాప ప్రార్థన. ఏ ఒక్కరి గుడిలోనో పెడితే మిగతావాళ్లు రారు. మేం 28న సాయంత్రం స్కూలు ఆవరణలో పెట్టాం. లూథరన్, ఆర్‌సీఎం, బ్రదరన్ ముగ్గురూ వచ్చారు. బల్లారాధన, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన పెట్టుకోలేదు, అది కలవదు. మా బ్రదరన్ పెద్దలు కొవ్వొత్తులకు ఒప్పుకోలేదు, ఫాదర్ గారేమో అవి లేకపోతే ఎలా అన్నారు. గేటు బయట వెలిగించుకోమన్నాం, సరిపోయింది. పక్క వీధి మసీదు పెద్దలు ఇద్దరు వచ్చి వెనక కుర్చీల్లో కూర్చున్నారు. అసలు తలనొప్పి ఫ్లెక్సీ. కుర్రాళ్లు వేయించుకొచ్చిన దాంట్లో శ్రద్ధాంజలి అన్న మాట కింద చిన్నగా ఉంది, పైన మన ఊరి నాయకుల ఫోటోలు పదకొండు. మడతపెట్టి స్టోర్‌రూమ్‌లో పడేయించాను. నాతో ఇప్పటికీ మాట్లాడనివాళ్లు ఉన్నారు. మైకు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, అయ్యగార్లకు తప్ప. వాళ్లక్కూడా ఐదేసి నిమిషాలే.

చందా డబ్బు అత్యుత్సాహంతో వసూలు చేయకండి. సంఘం సొమ్ము దేశం దాటించాలంటే ఫెమా, అదే విదేశీ మారకద్రవ్య చట్టం, నిబంధనలున్నాయి. ముందు ఆడిటరునూ బ్యాంకునూ అడిగి, దారి ఉందని తేలాకే పళ్లెం తిప్పండి.

అందరూ మరచిపోయేది రెండో ఉత్తరం. మొదటి నెల ఉత్తరాలు గుట్టగా వస్తాయి, ఏడాది తిరిగేసరికి సంచి ఖాళీ. 2020లో ఈస్టరు ఏప్రిల్ 12న వచ్చింది. అంటే వాళ్లకు ఏడుపు రెండుసార్లు: పండుగ నాడొకసారి, 21న ఒకసారి. లాక్‌డౌన్‌లో టపా కదల్లేదు. మా అన్నయ్య మనవడు ఫోన్‌లోంచి ఈమెయిల్ కొట్టాడు, మూడు వాక్యాలు. పోస్టుమాస్టరుగా నాకది కొంచెం నామోషీ అయింది గానీ, చేరింది.

మా మినిట్స్ పుస్తకం వెనక అట్ట లోపల "ఏప్రిల్ 21, బట్టికలోవా" అని ఎర్ర ఇంకుతో రాసి పెట్టాను, నా తర్వాత వచ్చే సెక్రటరీకి కనబడేలా.