రోసిలి బీచ్‌కి వెళ్తున్నారా? ముందు పోటు టైమ్ చూసుకోండి

వేల్స్‌లో నాలుగు రోజులు ఎండ కాసిందంటే చాలు, స్వాన్సీ, కార్డిఫ్‌లలో ఉండే మనవాళ్లు పులిహోర డబ్బాలు సర్దుకుని గోవర్ ద్వీపకల్పం దారి పడతారు. అక్కడ రోసిలి బీచ్ తప్పకుండా చూడాల్సిందే. మూడు మైళ్ల ఇసుక, వెనక పచ్చటి కొండ, దాని మీద గొర్రెలు, గాల్లో పారాగ్లైడర్లు. అయితే బయల్దేరే ముందు అందరూ వాన పడుతుందా అని ఫోన్‌లో చూస్తారు గానీ, సముద్రం పోటు ఎప్పుడో చూడరు. వానకి తడుస్తాం, అంతే. పోటుకి చిక్కితే ప్రాణం మీదికి వస్తుంది.

విశాఖలో పోటుకీ (నీరు పైకి వచ్చినప్పుడు), పాటుకీ (నీరు వెనక్కి తగ్గినప్పుడు) మధ్య నీటిమట్టం తేడా 2 మీటర్లు కూడా ఉండదు. అందుకే మనం అలల్ని చూసి భయపడతాం, నీటిమట్టాన్ని పట్టించుకోం. గోవర్‌ని ఆనుకుని ఉన్న బ్రిస్టల్ ఛానెల్ గరాటులా లోపలికి వెళ్లేకొద్దీ ఇరుకవుతుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే నీటికి పక్కలకి చోటు లేక పైకి లేస్తుంది. పెద్ద పోట్ల రోజుల్లో ఈ తీరంలో తేడా దాదాపు 8 మీటర్లు. ఆ ఎత్తు పెరగడానికి ఆరు గంటలు పట్టినా, నీరు ఒకే వేగంతో రాదు. మొదటి గంటలో కదిలినట్టే ఉండదు. మూడో గంట, నాలుగో గంట, ఈ రెండింటిలోనే సగం పెరిగిపోతుంది. "ఇంకా దూరంగానే ఉందిలే" అని మనం కూర్చుండిపోయేది ఆ మొదటి గంట చూసే.

పౌర్ణమి, అమావాస్య వెళ్లిన ఒకటి రెండు రోజులకి పోటు బాగా పెద్దగా ఉంటుంది. అది ఇంట్లో తెలుగు క్యాలెండర్ చూసినా తెలిసిపోతుంది. గంటా నిమిషాలు మాత్రం ఆ రోజు పోటు పట్టికలోనే చూడాలి. కొన్ని పట్టికలు వేసవిలో కూడా గ్రీనిచ్ టైమే ఇస్తాయి. అలాంటప్పుడు ఒక గంట కలుపుకోవాలి.

ఎక్కువ టెన్షన్ పెట్టేది వర్మ్స్ హెడ్. రోసిలి ఊరి చివర సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి దీవి అది. పాటుకి రెండున్నర గంటల ముందు నుంచి రెండున్నర గంటల తర్వాత వరకే అక్కడికి నడవగలం. మొత్తం ఐదు గంటలు కదా అని తీరిగ్గా వెళ్లకండి. దారి అంతా కోసుగా, జారుడుగా ఉండే రాళ్లు, గుంటల్లో నీళ్లు. చెప్పులతో, చంటిపిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వద్దే వద్దు. దారి మొదట్లో తీరాన్ని కనిపెట్టుకుని ఉండే కోస్ట్‌వాచ్ గదిలో వాలంటీర్లుంటే ఆ రోజు సమయం అడగండి. ఒకవేళ అవతల చిక్కుకుపోతే మోకాలి లోతే కదా అని దిగొద్దు, ఈదొద్దు. ఎత్తైన చోట కూర్చుని 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పండి. బీచ్ ఉత్తరపు చివర ఉన్న బరీ హోమ్స్ దీవికీ ఇదే సూత్రం.

ఇక నీళ్లలో దిగడం. రోసిలి ఒడ్డున లైఫ్‌గార్డులు ఉండరు. పిల్లలు ఈదాలని పట్టుబడితే వేసవిలో లైఫ్‌గార్డులుండే కాస్వెల్ బీచ్‌కో లాంగ్‌లాండ్ బీచ్‌కో వెళ్లి, వాళ్లు పెట్టిన ఎరుపు-పసుపు జెండాల మధ్యే దింపండి. మే నెలలో ఎండ ఎంత ఉన్నా నీళ్లు గడ్డకట్టించేలా ఉంటాయి. ఒక్కసారిగా దిగితే ఊపిరి ఎగబీలుస్తుంది, ఈత వచ్చినవాళ్లకీ చేతులాడవు. అలాంటప్పుడు, లేదా రిప్ కరెంట్ (ఒడ్డు నుంచి లోపలికి పోయే ప్రవాహం) లాగేస్తున్నప్పుడు, ఎదురీదకుండా వెల్లకిలా తేలండి. చెవులు నీళ్లలో మునిగినా పర్వాలేదు. ఊపిరి కుదుటపడ్డాక చెయ్యెత్తి కేకెయ్యండి. జీన్సు, చుడీదార్, చీరతో నడుము లోతుకి మాత్రం వెళ్లొద్దు. తడిసిన బట్ట కాళ్లకి చుట్టుకుంటే లేవడం కష్టం.

ఈ బీచ్ పడమరకి తిరిగి ఉంది. తూర్పు గాలి వీచే రోజు సముద్రం నున్నగా, ముచ్చటగా కనిపిస్తుంది. గాలి నింపిన పడవలూ ట్యూబులూ పిల్లలతో సహా లోపలికి కొట్టుకుపోయేది సరిగ్గా ఆ రోజే. వాటిని ఇంట్లోనే వదిలెయ్యండి.

1887లో ఒడ్డెక్కిన హెల్వెటియా ఓడ కర్రలు పాటు సమయంలో ఇసుకలోంచి కనిపిస్తాయి. ఫొటోలు తీసుకోండి, ఎక్కొద్దు. లోతులేని నీళ్లలో ఇసుక కింద వీవర్ అనే ముళ్ల చేప దాక్కుంటుంది కాబట్టి కాళ్లకి వాటర్ షూస్ ఉంటే మంచిది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కనీసం అరగంట పాదం ఉంచాలి. ఐస్ పెట్టకండి. బీచ్‌లో టాయిలెట్లు లేవు, పైన కార్ పార్క్ దగ్గరే. దిగేటప్పుడు తేలిగ్గా ఉన్న ఆ దారి ఎక్కేటప్పుడు ఆయాసం తెప్పిస్తుంది, పెద్దవాళ్లుంటే పైనుంచి చూసినా చాలు. నిజానికి పైనుంచే ఇంకా బాగుంటుంది.