బడిలో మొదటి ఇష్టం: కలగాపులగం కాకముందే రాసిపెట్టుకోవడం ఎలా

ఒకటి నుంచి అయిదో తరగతి లోపు మనసుకి నచ్చిన పిల్లో పిల్లాడో చాలామందికి ఉంటారు. పేరు గుర్తుంటుంది, ముఖం సగం గుర్తుంటుంది. మిగతాదాంట్లో చాలావరకు తర్వాత మనం అల్లుకున్నదే. నిజంగా మిగిలింది ఎంతో తేలాలంటే ఒక వరుస పాటించాలి: ముందు ఒంటరిగా రాసుకోవాలి, తర్వాత వస్తువులు చూడాలి, మనుషుల్ని అన్నిటికంటే చివర అడగాలి.

ఈ వరుస ఎందుకంటే, "రెండు జడలు వేసుకునేది కదరా" అని ఒక్కరు అన్నారంటే ఇక జీవితాంతం మీకు రెండు జడలే కనిపిస్తాయి. 1995లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ బృందం 24 మందికి ఇంట్లోవాళ్ళు చెప్పారంటూ చిన్ననాటి సంగతులు నాలుగు ఇచ్చింది. మూడు నిజం. చిన్నప్పుడు దుకాణాల సముదాయంలో తప్పిపోయారన్న నాలుగోది కల్పన. ఆరుగురు దాన్ని కూడా పూర్తిగానో కొంతగానో గుర్తుందనే చెప్పారు. ఇష్టమైన మనిషి విషయంలో మనసు ఇంకా తేలిగ్గా లొంగుతుంది.

రాయడానికి గీతల్లేని నోటుబుక్కు తీసుకోండి. ఫోను వేరే గదిలో పెట్టి అరగంట కూర్చోండి. రెండు మూడు రోజుల ఎడంతో మూడుసార్లు చేయండి. రెండోసారి, మూడోసారి కొత్తవి తగులుతాయి. మనిషితో మొదలుపెట్టకండి, గదితో మొదలుపెట్టండి. తలుపు ఎటు, నల్లబల్ల ఎటు, మాస్టారి కుర్చీ ఎక్కడ, ఆడపిల్లల వరస ఏది, మొగపిల్లల వరస ఏది, మీ చోటు నుంచి ఆ పిల్ల ఏ పక్కగా కనిపించేది, బొమ్మ గీసి గుర్తులు పెట్టండి. కుడి చెంప ఒక్కటే గుర్తుంటే అంతే రాయండి. 1980లలో ఫిషర్, గైజెల్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు సాక్షుల్ని విచారించడానికి తయారుచేసిన పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది: చోటుని మనసులో నిలబెట్టుకోవడం, చిల్లర సంగతైనా వదలకుండా చెప్పడం, జరిగినదాన్ని వెనక నుంచి ముందుకి నడపడం. అంటే ఇంటిగంట దగ్గర మొదలుపెట్టి ప్రేయరు దాకా వెనక్కి రావాలి. మామూలు వరసలో వెళితే "రోజూ ఇలాగే జరిగేది" అన్న అలవాటు కథ వచ్చేస్తుంది; వెనక్కి నడిస్తే ఆ ఒక్కరోజు సంగతి విడిగా దొరికే అవకాశం ఎక్కువ.

"నేనంటే ఇష్టముండేదా?" అన్న ప్రశ్న ఈ దశలో వద్దు. ఏడేళ్ళ పిల్లల ఇష్టం చేతల్లో ఉంటుంది. బలపం విరిచి పెద్ద ముక్క ఇవ్వడం, తన పక్కన చోటు పట్టిపెట్టడం, నెమలీక ఒకరోజు అరువివ్వడం, కాకెంగిలి. జామకాయ మీద గౌను అంచు కప్పి కొరికి, గుడ్డలోంచి తీసిన ముక్క అరచేతిలో పెట్టడం. ఇలాంటివి వెతకండి. ఎవరు కొరికారు, ఎవరికి పెద్ద ముక్క వెళ్ళింది, చుట్టూ ఎవరున్నారు?

వాసనకి విడిగా ఒక పూట కేటాయించండి. వాసనతో తట్టే జ్ఞాపకాలు ఎక్కువగా పదేళ్ళ లోపువే. పలక బడివాళ్ళయితే రాతిపలక సంపాదించి, దొండాకు నలిపి, బొగ్గుతో కలిపి రుద్దండి. ఒకటి రెండు నిమిషాలు చూసి వెంటనే రాయడం మొదలుపెట్టండి. ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోయాక ఎంత పీల్చినా ఏమీ రాదు. నోటుపుస్తకాల కాలం వాళ్ళకి కొత్త పుస్తకం అట్ట, సెంటు రబ్బరు, తడి యూనిఫారం.

ఏ తరగతిలో జరిగిందన్నది తరచు ఒక ఏడు అటూ ఇటూ జరిగిపోతుంది. ఊరంతా ఎరిగిన సంఘటనకి ముడివేస్తే నిలబడుతుంది: దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19, అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైల్యాబ్ నెత్తిన పడుతుందన్న భయం 1979 జూలై, సంపూర్ణ సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16, ఇందిరాగాంధీ హత్య 1984 అక్టోబరు 31, దూరదర్శన్‌లో రామాయణం 1987 జనవరి నుంచి 1988 జూలై వరకు. పుష్కరాలు ఇంకా మేలు: గోదావరికి 1979, 1991, 2003, 2015, కృష్ణకి 1980, 1992, 2004, 2016. దానికి ముందా తర్వాతా అని అడుగుతూ పోతే తరగతి తేలుతుంది. బడి రిజిస్టరులోని పుట్టినతేదీ ఆధారంగా లెక్క కట్టకండి. వయసు సరిపెట్టడానికి జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేసిన పిల్లలు ప్రతి ఊళ్ళో ఉన్నారు.

గ్రూప్ ఫోటో దొరికితే పట్టుకుని లాగకండి. అద్దానికి అంటుకుపోయి ఉంటే అద్దంతోనే స్కాన్ చేయించాలి, 600 డీపీఐకి తగ్గకూడదు. తడిగుడ్డ తగలనివ్వద్దు. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలు వాడండి. బాల్‌పెన్ను నొక్కు ముందువైపుకి తేలుతుంది. ఫోటో చూశాక గుర్తొచ్చినవన్నీ వేరే రంగు సిరాతో రాయండి. ఈ ఒక్క జాగ్రత్త లేకపోతే మొదటి మూడు పూటల శ్రమా వృథా.

బడికి వెళ్ళదలిస్తే గది బొమ్మ గీశాకే వెళ్ళండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నాడు–నేడు, తెలంగాణలో 2022లో మన ఊరు–మన బడి అనే సర్కారు బళ్ళ బాగుచేత పథకాలు మొదలయ్యాక చాలా బళ్ళ గోడలు, నేల, బల్లలు మారిపోయాయి. పిల్లలకి చాలా మంచి జరిగింది. మీ జ్ఞాపకం మీద మాత్రం కొత్త గది వచ్చి కూర్చుంటుంది. హెడ్మాస్టరుగారి అనుమతితో సెలవురోజు వెళ్ళి, కింద కూర్చుని చూడండి. ఏడేళ్ళ పిల్లల ఎత్తు 115–120 సెంటీమీటర్లే. నిలబడి చూస్తే ఆ గది మీకు పరాయిదే.

ఇక మనుషులు. వాట్సాప్ గ్రూపులో అడగకండి, మొదటి జవాబే అందరి జ్ఞాపకమైపోతుంది. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేయండి. "ఎర్ర రిబ్బన్లు పెట్టుకునేది కదా?" అనకుండా "మూడో తరగతిలో మన వరసలో ఎవరెవరు కూర్చునేవాళ్ళురా?" అని అడిగి ఊరుకోండి. ఇంట్లో అమ్మనో అక్కనో "నేను బడి నుంచి వచ్చి ఎవరి గురించి చెప్పేవాణ్ణి?" అని అడగండి. వాళ్ళు చెప్పింది పెన్సిలుతో రాయండి, ఎవరు చెప్పారో పక్కన వేయండి.

ఆ మనిషికి ఇప్పుడొక ఇల్లు, ఒక పరువు ఉన్నాయి. ఫోటో, ఇంటిపేరు ఎక్కడా పెట్టకూడదు, బడి రిజిస్టరులోంచి చిరునామా అడగకూడదు. కబురు చెప్పాలనిపిస్తే ఇద్దరికీ తెలిసినవాళ్ళ ద్వారా, నలుగురిలో చెప్పినా ఇబ్బంది లేని మాట ఒక్కసారి పంపండి: "ఫలానావాళ్ళు కులాసాగా ఉన్నారా అని అడిగారు." జవాబు రాకపోతే అదే జవాబు.

శుద్ధప్రతి ఒక పేజీ చాలు. మొదటి సిరాలో ఉన్నదే అందులోకి ఎక్కించండి, పెన్సిలు మాటలు పక్క మార్జిన్లో ఉంచండి. గౌను రంగు తెలియకపోతే ఆ చోట గీత గీసి వదిలేయండి.