స్ప్రింక్లర్ హెడ్ పాడైందా? కొత్తది కొనే ముందు ఒకసారి విప్పి చూడండి

లాన్‌లో ఒక మూల గడ్డి ఎండిపోతుంటుంది, దాని పక్కనే రెండడుగుల మేర బురద. ఇది కనపడగానే చాలామంది కొత్త స్ప్రింక్లర్ హెడ్ కొనేస్తారు. నేనూ మొదట్లో అలాగే రెండు కొని బిగించాను, నాలుగు రోజులు తిరిగేసరికి వాటికీ అదే జబ్బు పట్టుకుంది. తీరా చూస్తే పాతవాటిలో విరిగిందేమీ లేదు, జాలీలో ఇసుక ఇరుక్కుందంతే. పైగా వాటిని తవ్వి తీసేటప్పుడు నేనే పైపులోకి ఇంకొంచెం మట్టి పంపించి కొత్తవాటిని కూడా చెడగొట్టాను. అందుకే పార పట్టుకోవడం ఆఖరి పని అని గుర్తుపెట్టుకోండి.

ముందు నీళ్లు వదిలి ఐదు నిమిషాలు అక్కడే నిలబడి చూడండి, తడిస్తే తడిశారు. పైకి లేచి ఒకేచోట ఆగి విసనకర్రలా చిమ్మేది స్ప్రే హెడ్. నెమ్మదిగా తిరుగుతూ ధారను దూరంగా విసిరేది రోటర్. టకటకమని కొట్టుకుంటూ తిరిగేది ఇంపాక్ట్ స్ప్రింక్లర్. మీ దగ్గర ఉన్నది ఏదో తెలియకుండా స్పేర్ పార్టులు కొనొద్దు.

ఆ లైన్‌లో, అంటే ఒకే వాల్వ్ నుంచి నీళ్లు అందే పైపు మీద ఉన్న హెడ్‌లన్నీ నీరసంగా చిమ్ముతున్నాయా, ఒక్కటేనా అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఒక్కటే అయితే తప్పు ఆ హెడ్‌ది. అన్నీ నీరసంగా ఉంటే హెడ్‌లను విప్పి లాభం లేదు, వాల్వ్ పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి, ఎక్కడైనా నేలలోంచి నీళ్లు ఊటలా ఉబుకుతున్నాయేమో వెతకండి, పైపు గానీ ఒక హెడ్ బాడీ గానీ పగిలితే ప్రెషరంతా అటే పోయి మిగతావాటికి అందదు. ఇక నీళ్లు కట్టేశాక కూడా ఒక హెడ్ కారుతూనే ఉంటే, అది అన్నిటికంటే పల్లంలో ఉన్నదేమో చూడండి. కాసేపు కారి ఆగిపోతే పైపులో మిగిలిన నీళ్లు దిగుతున్నాయని అర్థం, అక్కడ చెక్ వాల్వ్ (పైపులో మిగిలిన నీళ్లను కారిపోకుండా ఆపేది) ఉన్న హెడ్ పెడితే సరిపోతుంది. గంటలు గడిచినా ఆగకపోతే లోపం ఆ లైన్ వాల్వ్‌లో ఉంది, చాలాసార్లు దాన్ని మూసే రబ్బరు పొర (డయాఫ్రమ్) కింద ఏదో నలుసు పడి పూర్తిగా మూసుకోదు. హెడ్‌ను తిట్టుకోవడం అనవసరం.

నీళ్లు ధారగా కాకుండా పొగమంచులా గాలికి ఎగిరిపోతుంటే ప్రెషర్ ఎక్కువైనట్టు. స్ప్రే హెడ్‌లు సుమారు 30 పీఎస్ఐ (ప్రెషర్‌ను కొలిచే లెక్క) దగ్గర, రోటర్లు 45 దగ్గర బాగా పనిచేస్తాయి. దీనికి ప్రెషర్‌ను అదుపు చేసే హెడ్‌లు దొరుకుతాయి.

సరే, తప్పు ఆ ఒక్క హెడ్‌దే అని తేలిందనుకుందాం. నీళ్లు కట్టేయండి, టైమర్ ఉంటే దాన్ని కూడా ఆఫ్ చేయండి, లేకపోతే మీరు ముఖం దగ్గరగా పెట్టి చూస్తున్నప్పుడే అది ఆన్ అవుతుంది (అయింది కూడా). హెడ్ చుట్టూ అల్లుకున్న గడ్డి కత్తిరించి, పైన మట్టి తుడిచేశాక లోపలి గొట్టాన్ని వేళ్లతోనో దాని తాళంతోనో (హెడ్‌ను సర్దడానికి వాడే తాళంచెవి లాంటి పనిముట్టు) పైకి లాగండి. లోపల స్ప్రింగ్ గట్టిగానే ఉంటుంది, చేయి జారితే టక్కున లోపలికి పోతుంది కాబట్టి ఇంకొకరిని పట్టుకోమనండి లేదా చిన్న క్లాంప్ తగిలించండి. స్ప్రే హెడ్ అయితే నాజిల్‌ను, అంటే నీళ్లు చిమ్మే మూతిని ఎడమవైపు తిప్పితే ఊడుతుంది, దాని కిందే చిన్న బుట్టలాంటి జాలీ ఉంటుంది. అసలు దొంగ చాలాసార్లు దొరికేది ఇక్కడే.

జాలీని, నాజిల్‌ను బకెట్ నీళ్లలో వేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. నాజిల్ చీలికలో మాత్రం గుండుసూది, ఇనుప తీగ పెట్టొద్దు, ప్లాస్టిక్ మీద చిన్న గీత పడినా ధార వంకర పోతుంది. ఉప్పునీళ్ల వల్ల తెల్లగా పొర కట్టి ఉంటే ఒకటి రెండు గంటలు వెనిగర్‌లో నానబెడితే మెత్తబడి బ్రష్‌కే వచ్చేస్తుంది.

మళ్లీ బిగించే ముందు, అందరూ ఎగ్గొట్టే పని ఒకటుంది. నాజిల్ లేకుండానే అర నిమిషం నీళ్లు కొంచెం కొంచెంగా వదలండి. పైపులో ఉన్న ఇసుక, ప్లాస్టిక్ రజను అప్పుడు బయటికి కొట్టుకొస్తాయి. ఇది చేయకపోతే మీరు కడిగిన జాలీ సాయంత్రానికి మళ్లీ మూసుకుపోతుంది. ఆ తర్వాత జాలీ, నాజిల్ పెట్టి నీళ్లు వదిలి, ధార ఎటు పడుతుందో చూసుకుని సర్దండి. చాలా స్ప్రే హెడ్‌లలో గొట్టాన్ని గట్టిగా పట్టి తిప్పితే క్లిక్ క్లిక్‌మంటూ దిశ మారుతుంది. నాజిల్ మీద ఉన్న చిన్న స్క్రూను కుడివైపు తిప్పితే నీళ్లు పడే దూరం తగ్గుతుంది, కానీ పావు వంతుకు మించి తగ్గించాల్సి వస్తే స్క్రూతో కుస్తీ పట్టకుండా చిన్న నాజిల్ వేసుకోండి.

పైకి లేచిన హెడ్ లోపలికి పోకపోతే కాలితో తొక్కే అలవాటు చాలామందికి ఉంది. వంగిపోతుంది, అలా చేయొద్దు. నీళ్లు వస్తుండగానే చేత్తో గొట్టాన్ని ఐదారుసార్లు కిందికి నొక్కి వదలండి, సీల్ దగ్గర ఇరుక్కున్న ఇసుక కొట్టుకుపోతుంది. అప్పటికీ లొంగకపోతే నీళ్లు కట్టేసి పై మూతను తిప్పి తీసేయండి, స్ప్రింగ్, సీల్, గొట్టం అన్నీ కలిపి బయటికి వచ్చేస్తాయి. కడిగి మళ్లీ పెట్టండి. గ్రీజు, నూనె పూయాలనిపిస్తుంది, పూయకండి, ఇసుక దానికే అతుక్కుని పరిస్థితి ఇంకా అధ్వాన్నమవుతుంది.

సీల్ చిరిగినా, గొట్టం వంగినా, స్ప్రింగ్ బిగువు పోయినా తవ్వాల్సిన పనిలేదు. సరిగ్గా అదే కంపెనీ అదే మోడల్ హెడ్ ఒకటి కొని, దాని లోపలి సరంజామా మొత్తం తీసి నేలలో ఉన్న పాత బాడీలో పెట్టి మూత బిగించేయండి. ఐదు నిమిషాల పని. ఈ సంగతి తెలిసుంటే నేను లాన్‌ను అన్ని చోట్ల గుంతలు చేసేవాణ్ణే కాదు.

రోటర్ పైకి లేస్తోంది గానీ తిరగడం లేదంటే మొదట ప్రెషర్ సరిపోతోందా చూడండి, తర్వాత దాని అడుగున ఉండే జాలీ కడగండి. ఇవి రెండూ బాగానే ఉంటే గేర్లు పోయినట్టే, ఆ గేర్‌బాక్స్ ఇంట్లో విప్పి బాగుచేసేది కాదు, పైన చెప్పినట్టు లోపలి భాగమంతా మార్చేయడమే. చేత్తో బలవంతంగా తిప్పి చూడటం వల్ల బాగున్నది కూడా పోవచ్చు. తిరిగే కోణం చాలా మోడళ్లలో 40 నుంచి 360 డిగ్రీల దాకా పెట్టుకోవచ్చు, మామూలుగా ఎడమ అంచు కదలదు, కుడి అంచునే తాళంతో మారుస్తాం. అందుకని మూత వదులుచేసి లోపలి భాగాన్నే తిప్పి ఎడమ అంచును గోడకో దారికో సరిపెట్టుకున్నాకే కుడివైపు సంగతి చూడండి. ఈ వరస తెలియక గంటసేపు తాళం తిప్పుతూ కూర్చునేవాళ్లు ఉన్నారు.

ఇంపాక్ట్ రకం పాతదే, 1930ల నాటి డిజైన్, కానీ విప్పకుండానే లోపం కనపడుతుంది కాబట్టి నాకు అదంటే ఇష్టం. కొట్టే చేయి కదలకపోతే దాని స్ప్రింగ్, కీలు దగ్గర మట్టి చూడండి. ఒకవైపు వెళ్లి వెనక్కి రాకపోతే కింద ఉండే రెండు తీగ రింగులు, వాటికి తగిలే చిన్న పిన్ను జరిగి ఉంటాయి. దీనికీ నూనె వద్దు.

బాడీ పగిలితే మాత్రం తవ్వక తప్పదు. హెడ్‌కు జానెడు దూరంలో గుండ్రంగా గడ్డిని కోసి పళ్లెంలా ఎత్తి పక్కన పెట్టండి, మట్టిని ఒక పట్టా మీద పోయండి. పెద్ద పారతో పొడవకండి, పైపు ఎటు పోతోందో మీకు తెలియదు, చిన్న తాపీ లాంటిదానితో జాగ్రత్తగా తీయండి. కింది ఫిట్టింగ్ కనపడ్డాక ఇంకో రెండు మూడు అంగుళాలు లోతుగా తీస్తే బురదనీళ్లు అక్కడ నిలుస్తాయి, పైపులోకి పోవు. ఫిట్టింగ్‌ను ఒక చేత్తో కదలకుండా పట్టుకుని హెడ్‌ను ఎడమవైపు తిప్పి తీసి, వెంటనే పైపు నోటికి గుడ్డ కట్టండి. హెడ్ విరిగి మర ముక్క ఫిట్టింగ్‌లోనే ఉండిపోతే ప్లయర్‌తో పీకకండి, ఫిట్టింగ్ కూడా పగులుతుంది, అలాంటి ముక్కలు తీయడానికే ఒక పనిముట్టు దొరుకుతుంది.

కొత్త హెడ్ కొనేటప్పుడు పాతదాన్ని చేతిలో పట్టుకెళ్లండి. స్ప్రే హెడ్‌లకు ఎక్కువగా అరంగుళం మర, రోటర్లకు ముప్పావు అంగుళం ఉంటాయి. ఎత్తు కూడా అంతే ఉండాలి, నాజిల్ కూడా అదే నంబరుది కావాలి. స్ప్రే ఉన్న లైన్‌లో రోటర్ పెట్టొద్దు, ఒకే సమయంలో స్ప్రే చాలా ఎక్కువ నీళ్లు పోస్తుంది, ఒకచోట చిత్తడి, ఒకచోట ఎండు.

బిగించే ముందు ఇక్కడా పైపులో నీళ్లు వదిలి కడగాలి. మరకు టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్లు కుడివైపుగా చుట్టి చేత్తోనే బిగించండి, రెంచ్ పెడితే ప్లాస్టిక్ చిట్లుతుంది. హెడ్ పైభాగం నేలతో సమానంగా ఉండాలి. ఎత్తుగా ఉంటే గడ్డి కోసే మిషన్ ఎగరగొడుతుంది, లోతుగా ఉంటే మట్టి మూసేస్తుంది. గుంత పూడ్చక ముందే నీళ్లు వదిలి మర దగ్గర కారుతోందేమో చూసి, ఆ తర్వాత మట్టిని కొంచెం కొంచెంగా వేస్తూ చేత్తో అదమండి, చివర గడ్డి పళ్లాన్ని పెట్టండి. మట్టి దిగి హెడ్ వంగుతుంది కాబట్టి మూడు నాలుగు సార్లు నీళ్లు పెట్టాక మళ్లీ వెళ్లి నిటారుగా ఉందో లేదో చూసుకోండి. అదే రోజు ఒకేలాంటి ఖాళీ డబ్బాలు నాలుగైదు లాన్‌లో అక్కడక్కడా పెట్టి పావుగంట నీళ్లు వదలండి, ఏ డబ్బాలో తక్కువ పడిందో దానికి దగ్గర్లో ఉన్న హెడ్‌నే ఈసారి విప్పాలి.