పాత కారు కొనే ముందు – 4వ పాఠం: టింకరింగ్ చేసిన బండిని పట్టుకోవడం

ఈ పాఠం మొదలుపెట్టే ముందు పోయిన పాఠంలో నేను చేసిన తప్పు సర్దాలి. ఆయిల్ పోసే మూత విప్పి చూడండి, లోపల మజ్జిగ నురగలాంటిది కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌లో ఆయిల్‌నీ, చల్లబరిచే కూలెంట్ నీళ్ళనీ కలవనివ్వని సీలు) పోయినట్టే అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ ముక్క పట్టుకుని ఒకాయన మంచి పెట్రోలు బండిని వదిలేసుకున్నారు. చూసింది జనవరి పొద్దున. ఆ బండి ఓనరు ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి రోజూ వెళ్ళొచ్చే టీచరు. అంత కొద్ది దూరానికి ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. లోపలి ఆవిరి చల్లటి మూత కింద నీరై, ఆయిల్‌తో కలిసి నురగ కడుతుంది. అది జబ్బు కాదు, చలికాలం.

మరి తేడా ఎలా తెలుస్తుంది? ఆయిల్ గేజ్, అంటే ఇంజిన్‌లో ఆయిల్ మట్టం చూసే పుల్ల, బయటికి లాగండి. గేజ్ మీద ఆయిల్ మామూలుగా ఉండి, కూలెంట్ డబ్బాలో జిడ్డు తేలకుండా, కూలెంట్ మట్టం తగ్గకుండా ఉంటే మూత కింది నురగను పట్టించుకోకండి. గేజ్ మీద కూడా పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే మాత్రం ఇంక బేరం ఆడొద్దు, వచ్చేయండి. ఇంకో సంగతి, అమ్మేవాడు మూతను గుడ్డతో తుడిచి పెట్టగలడు. కాబట్టి మూత శుభ్రంగా ఉందని మురిసిపోకండి, గేజ్ చూడండి.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తియ్యకూడదని నేను రాయలేదు. అందరికీ తెలుసనుకున్నాను. ఒకరు విప్పబోతుంటే పక్కనున్న మెకానిక్ చెయ్యి పట్టుకుని లాగాడట. లోపలి నీళ్ళు ప్రెషర్ మీద ఉంటాయి, మొహం మీదికి చిమ్ముతాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి.

ఇక ఇవాళ్టి పని, గుద్దుకున్నాక షెడ్డులో రేకు కొట్టి సరిచేసిన, అంటే టింకరింగ్ చేసిన బండిని పట్టుకోవడం. ఆర్‌సీ, లోన్, ఇన్సూరెన్స్ మొదటి పాఠంలో అయిపోయాయి. టైర్ల సంగతి కూడా సాగదీయను. పక్కన కనిపించే నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. అంతే.

బండిని ఎండలో చూడండి. సెల్లార్లో ట్యూబ్‌లైటు కింద చూపిస్తే బయటికి తియ్యమనండి. అప్పుడే కడిగిన బండిని నేను అసలు చూడను. తడి మీద సొట్టలూ రంగు తేడాలూ దాక్కుంటాయి. ఆరే దాకా టీ తాగి వస్తాను. సిల్వర్ రంగు బండి అంటే నాకు కొంచెం ఇష్టం, ఎందుకంటే మళ్ళీ వేసిన రంగు దాని మీద త్వరగా దొరికిపోతుంది.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే విషయం. బంపర్‌కి మళ్ళీ రంగు వేశారని కారు వద్దనేవాళ్ళు. మన ఊళ్ళల్లో, మన ట్రాఫిక్‌లో ఐదేళ్ళు తిరిగిన బండికి బంపర్ గీసుకోకపోతేనే ఆశ్చర్యం. బంపర్ ప్లాస్టిక్, బండికి చొక్కా లాంటిది. చొక్కా చిరిగితే కొత్తది కుట్టించుకుంటాం. మనం వెతకాల్సింది ఎముక విరిగిందా అని. ఎముక అంటే పైకప్పును మోసే పిల్లర్లు, బానెట్ లోపల రెండు పక్కలా గోడల్లా ఉండే ఆప్రాన్లు, వాటి కింద ముందుకు సాగే చాసిస్ కమ్మీలు. ఇవి వంగి, కొట్టి సరిచేసిన బండి తిన్నగా నడవకపోవచ్చు, టైర్లు ఒక పక్కే అరగొచ్చు, మళ్ళీ గుద్దుకుంటే ఎలా నలుగుతుందో చెప్పలేం. అమ్మేవాడు ‘బంపర్ ఒక్కటే టచప్ సార్’ అని తనే ముందుగా ఒప్పుకున్నప్పుడు మన కళ్ళు బంపర్ మీదే ఆగిపోతాయి. ఆ మాట చెప్పేది కూడా అందుకే అనుకోండి. కళ్ళు పైకి, లోపలికి పోనివ్వండి.

డోరు తెరిచి రబ్బర్ బీడింగ్ మెల్లగా లాగండి. కింద ఇనుము అంచు మీద గుండ్రటి చిన్న గుంటలు వరసగా కనిపిస్తాయి. అవి ఫ్యాక్టరీలో మిషన్ వేసిన స్పాట్ వెల్డులు. దూరాలు ఒక పద్ధతిలో ఉంటాయి. షెడ్డులో అతికిన చోట ఆ గుంటలు ఉండవు, లేదా సొట్టలు పూడ్చే పుట్టీ కింద మునిగిపోతాయి, లేదా వెల్డింగ్ గడ్డలు చేతికి తగులుతాయి. కుడి పక్క చూసింది ఎడమ పక్క కూడా చూడండి. నేను మీటర్లేవీ వాడను, కుడినీ ఎడమనీ పోల్చి చూడటమే నా మీటరు.

తర్వాత బోల్టులు. చాలా బళ్ళలో డోరు కీళ్ళ దగ్గర, ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) మీద ఉండే బోల్టుల తలలకి బాడీతో పాటే రంగు పడుతుంది. పానా పడితే మూలల్లో రంగు పెచ్చు లేస్తుంది. ఫెండర్ బోల్టు విప్పారంటే పెద్ద భయమేం లేదు, ఫెండర్ మార్చి ఉంటారు. డోరు కీళ్ళవి విప్పారంటే మాత్రం ఆ పక్క పిల్లర్‌ని రెండోసారి చూడండి.

అద్దాల మూలల్లో కంపెనీ ముద్ర ఉంటుంది. ముందు అద్దం రాయి తగిలి మార్చి ఉండొచ్చు. పక్క అద్దాల్లో ఒక్కదాని ముద్ర వేరేగా ఉంటే ఆ డోరు కథ అడగండి.

అయస్కాంతం చిట్కా కొందరు అడిగారు. చిన్నదాన్ని రుమాలులో చుట్టి ఇనుప రేకు మీద పెడితే పట్టుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్న చోట జారిపోతుంది. ఒకరు బంపర్ మీద పెట్టి చూసి, మొత్తం పుట్టీయే అని టెన్షన్ పడ్డారు. బంపర్ ప్లాస్టిక్ అని ఇందాకే చెప్పాను.

నీట మునిగిన బళ్ళ గురించి 5వ పాఠం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగిన కార్లెన్నో మనం చూశాం. తొందరలో ఉన్నవాళ్ళు ఈలోగా సీటు బెల్టును చివరి దాకా లాగి, బురద మరక ఉందేమో చూసుకోండి. స్టెప్నీ పెట్టే గుంటలో చాప ఎత్తి చూడండి.

ఇంటి పని. కొనబోయే కారు మీద మొదలుపెట్టకండి. ముందు మీ ఇంట్లో కారో, చుట్టాల కారో తీసుకుని రెండు ముందు డోర్ల బీడింగ్ లాగి స్పాట్ వెల్డులు లెక్కపెట్టి కాగితం మీద రాయండి. తర్వాత ఏదైనా టింకరింగ్ షెడ్డులో ఒక పూట కూర్చుని, గుద్దిన బండిని ఎలా లాగి నిలబెడతారో చూడండి. టీ మీరే తెప్పించండి, బోలెడు చెబుతారు. రెండో ఆదివారానికి ఇంకో రెండు కార్ల లెక్క రాయండి. కుడీ ఎడమలకి పెద్ద తేడా వస్తే అది మీ బావగారి కారైనా సరే, ఏం జరిగిందో అడగండి.