మానిటోవాక్ వెళ్తే జలాంతర్గామి ముందు, దూడలు తర్వాత

షికాగో, మిల్వాకీ వైపు నుంచి వారాంతానికి విస్కాన్సిన్‌లోని మానిటోవాక్ కౌంటీకి బయలుదేరేవాళ్లకు ఒక మాట. అక్కడి నౌకా మ్యూజియానికి పొద్దున్నే, ఒంట్లో ఓపిక ఉండగానే వెళ్లండి. అక్కడ చూడటానికి ఉంచిన రెండో ప్రపంచ యుద్ధం నాటి కోబియా జలాంతర్గామిలో గది నుంచి గదికి వెళ్లే ఇనుప ద్వారాలకు గడప ఎత్తు, పైకప్పు తక్కువ. కాలెత్తి, తల వంచి, ఒక్కొక్కరుగా దూరాలి. చీర, పొడవాటి చున్నీ, జారే చెప్పులు వద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మ్యూజియం గదులే హాయి. జలాంతర్గామిని మరమ్మతులకు తీసుకెళ్లే సందర్భాలూ ఉంటాయి, ముందుగా కనుక్కోండి.

ఆ యుద్ధంలో మానిటోవాక్ అనే ఈ చిన్న ఊరు 28 జలాంతర్గాములు కట్టి, మిషిగన్ సరస్సు మంచినీళ్లలోనే పరీక్షించి, మిసిసిపి నది మీదుగా సముద్రానికి పంపింది. కోబియా మాత్రం కనెక్టికట్‌లో పుట్టిన దత్తపుత్రిక!

మధ్యాహ్నం వ్యవసాయాన్ని, పాడిని దగ్గరగా చూపించే ఫామ్ విస్కాన్సిన్ కేంద్రానికి వెళ్తే అద్దాల వెనక ఆవు ఈనడం చూడవచ్చు. తడి ఒంటితో దూడ లేచి, తూలి, మళ్లీ లేస్తుంటే పిల్లలు కదలరు. ఎప్పుడు ఈనుతుందన్నది ఆవు ఇష్టం. ఆ పూట ఇంకేమీ పెట్టుకోకండి.

తిరుగు ప్రయాణానికి ఎస్.ఎస్. బ్యాడ్జర్ ఓడ ఎక్కి, సరస్సు దాటి మిషిగన్ రాష్ట్రంలోని లడింగ్టన్ వెళ్లేవాళ్లు గడియారం చూసుకోండి. ప్రయాణం సుమారు 4 గంటలే, కానీ అవతలి ఒడ్డున సమయం ఒక గంట ముందుంటుంది. చలికాలంలో ఆ ఓడ నడవదు.